సందు వైపు కాయలు

నీనా వేవా కాయ నములుతున్నప్పుడు ఎవరూ మాట్లాడరు. అకార్డియన్ వాయించే ముసలాయన కూడా ఆపుతాడు.

నవంబరు మొదటి శనివారం మా పేటలో మర ఆడుతుంది. అరిజోనా ఎడారిలోని టూసాన్ నగరం మమ్మల్ని మూడు వైపుల నుంచీ రోడ్లతో నొక్కేసినా, చర్చి పక్కన కాస్త ఖాళీ స్థలం మిగిలింది. మేకలు పెంచే బేతో తన ట్రక్కు వెనక తగిలించి తెచ్చిన మరను అక్కడ నిలబెడతాడు. జూన్‌లో ఏరి, ఎండబెట్టి, డబ్బాల్లో దాచుకున్న మెస్కీట్ కాయల్ని జనం బకెట్లకెత్తి తెస్తారు. మెస్కీట్ జమ్మికి దాయాది. ముల్లు అదే, మొండితనం అదే. కాయ మాత్రం ఎండితే తీపి. గింజతో సహా మర దాన్ని నలిపి లేత గోధుమరంగు పిండి చేస్తుంది. ఆ పిండితో అక్కడికక్కడే అట్లు పోస్తారు. ఒక పక్క పాట, ఒక పక్క గోడ మీద బొమ్మలు వేసేవాళ్లు, మధ్యలో పెనాలు.

అయితే మర నోటికి ముందు వేవా నోరు ఉంటుంది.

మరను మధ్యలో కడగడం కుదరదు. ఒక్క చేదు బకెట్టు పడిందంటే తర్వాతి అయిదారు ఇళ్ల పిండి చేదెక్కుతుంది. అందుకని ప్రతి బకెట్టులోంచీ వేవా మూడు కాయలు తీస్తుంది. పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి. నమిలి, పిప్పి అరచేతిలోకి ఉమ్ముతుంది. తల ఊపితే బకెట్టు మరలోకి. కాలితో ఎడమకు నెడితే బేతో మేకలకు. ఇరవై రెండేళ్లుగా ఆ కాలికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

పూర్తి పేరు హెనొవేవా ఉర్కీహో. అరవై తొమ్మిదేళ్లు. బడి వంటగదిలో ముప్పై ఏళ్లు వండింది. పొట్టి మనిషి. తలమీద మగవాళ్ల గడ్డి టోపీ. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఒకరిద్దర్ని రుచి చూశాలే, చాలనిపించింది" అనేది. చర్చిలో పదకొండు మంది పసివాళ్లను బాప్తిస్మానికి ఎత్తుకుంది. అలా ఎత్తుకున్న తల్లిని మావాళ్లు స్పానిష్‌లో నీనా అంటారు. పదకొండు మంది పిలిచీ పిలిచీ పేటకంతా నీనా అయింది.

ఆ పదకొండు మందిలో లాసరో ఒకడు. ఇప్పుడు వాడికి నలభై ఎనిమిది. టైర్ల షాపు నడుపుతాడు. షాపు పెరట్లో, కంచెను ఆనుకుని ఒక ముసలి మెస్కీట్ ఉంది. మొదలు కంచె లోపల, సగం కొమ్మలు వెనక సందులో. వేవా తల్లి ఆ సందులో నిలబడే కాయలు ఏరేది. వేవా కూడా ఏటా అక్కడే ఏరుతుంది. మర మొదలయ్యేది ఆ బకెట్టుతోనే, మొదటి అట్లు ఆ పిండివే. అది ఎవరూ పెట్టని ఆచారం.

క్రితం ఏడు లాసరో భార్య అంపారో మొదటిసారి మూడు బకెట్లతో వచ్చింది.

అంపారో కాగితప్పూలు చేస్తుంది. ముడతల రంగు కాగితం కత్తిరించి, రేకులు మడిచి, మైనంలో ముంచి తీస్తే ఆ పూలు సమాధుల మీద ఏడాది ఎండకూ వానకూ తట్టుకుంటాయి. ఏటా మర మీద మేకుకు వేలాడే పూలచక్రం ఆమె చేసిందే. ఆ రోజు కూడా వేలాడుతోంది. అంపారో దాని కిందే నిలబడి ఉంది.

వేవా నమిలింది. రెండో కాయ నమిలింది. మూడోది సగం నమిలి ఉమ్మేసింది.

"ఏ ఊరి కాయమ్మా ఇది? కార్లు ఆపే చోట నాటుతారే, ఆ చెట్టుదిలా ఉంది. మేకలు కూడా ఒకసారి ఆలోచిస్తాయి."

జనం నవ్వారు. నవ్వొచ్చే మాటే అది. అంపారో నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఎక్కింది. మేకుకున్న పూలచక్రం తీసింది. భుజానికి తగిలించుకుని, బకెట్లు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

"మరీ అంతమాట ఎందుకు నీనా," అన్నాడు బేతో.

"నాలుక్కి మొహమాటం ఉంటే మీరు తినేది మట్టే," అంది వేవా. తర్వాతి బకెట్టులో చెయ్యి పెట్టింది.

మరుసటి జూన్‌లో ఒక గురువారం పొద్దున్నే వేవా గోనెసంచీ పట్టుకుని సందులోకి వెళ్లింది. కాయలు పండి రాలుతున్నాయి. పాదం మోపిన చోటల్లా పటపటమంటున్నాయి. నాలుగు గుప్పిళ్లు ఏరింది. తల ఎత్తి చూసేసరికి, జాలీ కంచె లోపల, చెట్టు మొదలు చుట్టూ నారింజ రంగు గీత కనబడింది. కొట్టేయబోయే చెట్లకు వేసే గుర్తు.

"లాసరో," అని పిలిచింది. "ఒరేయ్ లాసరో."

వాడు చేతులు తుడుచుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు.

"ఏంట్రా ఇది?"

"లిఫ్టు వస్తోంది నీనా. కారును పైకెత్తేది. పన్నెండు అడుగుల ఎత్తు కావాలి. చెట్టు అడ్డం."

"లిఫ్టు ముందు పెట్టుకో."

"ముందు రోడ్డు. ఎక్కడ పెట్టుకోను, మీ ఇంట్లోనా? సోమవారం వస్తున్నారు కోసేవాళ్లు."

"మా అమ్మ ఏరిన చెట్టురా ఇది. దీని కాయ తినే పెరిగావు నువ్వు."

లాసరో చేతులు తుడుచుకోవడం ఆపాడు. గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది చేదు చెట్టని మీరే అన్నారు నీనా."

"నేనా? ఎప్పుడు?"

"నవంబర్లో. అంతమంది ముందర. మేకలు కూడా తినవన్నారు."

"అవి ఈ చెట్టువా?"

"ఇంకెక్కడివి? మా ఆవిడ వేరే చోటుకి పోనే లేదు. మూడు రోజులు ఏరింది, ఇదే పెరట్లో. మీ కోసమని రాళ్లూ రప్పలూ లేకుండా జల్లెడ కూడా పట్టింది."

వేవా సంచీలోంచి ఒక కాయ తీసి నమిలింది. తీపి. ఎప్పటి తీపే. ఇంకోటి నమిలింది. అదీ తీపే.

చెట్టు తీపైతే క్రితం ఏడు తన నాలుక తప్పింది. నాలుక తప్పకపోతే చెట్టు చేదు. అప్పుడు ఇరవై రెండేళ్లుగా పేటకు పెట్టిన మొదటి అట్టు ఏమిటి? రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఈలోగా సోమవారం రానే వస్తుంది.

"శనివారం పొద్దున ఒక్క పూట ఇవ్వు నాకు," అంది. "నిచ్చెన కూడా. చేదని తేలితే రంపం నేనే పట్టుకుంటా."

"తీపని తేలితే?"

"అప్పుడు నీ పెళ్లాం ముందు నేను నిలబడాలి. అది నీ బాధ కాదు."

"తీపైనా నా లిఫ్టుకు చోటు కావాలి నీనా," అన్నాడు లాసరో. కానీ నిచ్చెన ఇస్తానన్నాడు.

శుక్రవారం సాయంత్రం వేవా అంపారో ఇంటికి వెళ్లింది. అంపారో వరండాలో కూర్చుని రేకులు మడుస్తోంది. లేవలేదు.

"చెప్పండి, దోన్యా వేవా."

నీనా అనలేదు. దోన్యా అంటే పరాయి పెద్దమనిషికి ఇచ్చే మర్యాద. బ్యాంకులో అలా పిలుస్తారు. వేవా ఆ మాట విని టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"ఒక్కటి అడిగి పోతాను. నువ్వు ఆ కాయలు కోసినప్పుడు ఎక్కడ నిలబడ్డావు?"

"పెరట్లో."

"పెరట్లో ఎక్కడ?"

"టైర్ల మీదెక్కి. చెయ్యి అందినంత మేర కోశాను. ఏం, అదీ తప్పేనా?"

"సందులోకి వెళ్లలేదా?"

"నా పెరట్లో చెట్టుంటే సందులోకి ఎందుకు పోతానండీ?" అంది అంపారో. రేకును వేలితో నొక్కింది. "ఆ రాత్రి ఇంటికొచ్చి ఒక కాయ నమిలి చూశాను. నాకైతే బాగానే ఉంది. మీరు చేదన్నాక, రెండోది నాక్కూడా చేదనిపించింది. అంతే కదా మరి. ఊరందరికీ కలిపి ఒకటే నాలుక."

వేవా టోపీ పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి తిరిగి చూసింది.

"రేపు పొద్దున అయిదింటికి రా. నిచ్చెన పట్టుకోవాలి. నీ రంగు కాగితం తెల్లదీ ఎర్రదీ పట్టుకు రా."

"ఎందుకు?"

"నాకు గుర్తుండదు. అరవై తొమ్మిదేళ్లు."

అది అబద్ధం. ఎవరి బకెట్టు ఏ ఏట ఎలా ఉందో ఆమెకు గుర్తే.

శనివారం అయిదింటికి ఆకాశం బూడిదరంగులో ఉంది. కొండల అంచు మాత్రం తేలింది. గువ్వలు తీగల మీద వరసగా కూర్చున్నాయి. ఇంకో మూడు గంటలైతే ఇనుము ముట్టుకోలేం. అంపారో వచ్చింది. పలకరించలేదు. నిచ్చెన కాళ్లు పట్టుకుని నిలబడింది, నడుముకు కట్టుకున్న గుడ్డలో తెల్లవీ ఎర్రవీ కాగితం పీలికలు.

వేవా సందు వైపు నుంచి మొదలుపెట్టింది. ఒక కొమ్మ, ఒక కాయ. నమలడం, ఉమ్మడం. "తెల్లది," అంటే అంపారో తెల్ల పీలిక అందించేది. వేవా కొమ్మకు కట్టేది. తర్వాత నీళ్లు పుక్కిలించేది. ఆ తర్వాత ఇంకో కొమ్మ.

"తెల్లది."

"తెల్లది."

"తెల్లది. ఇది మరీ తీపి. పడమటెండ బాగా తగిలింది."

సందు వైపంతా తెలుపైంది. నిచ్చెనను కంచె లోపలికి మార్చారు. పెరట్లో మొదటి కొమ్మకే వేవా ముఖం బిగిసింది. సగం నమిలి ఆపి, మళ్లీ నమిలింది. తొందరపడలేదు.

"ఎర్రది," అంది.

అంపారో పీలిక అందించింది. నిచ్చెనను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఎర్రది."

"ఎర్రది."

"తెల్లది."

"తెల్లదా?" అంది అంపారో. "ఈ వైపున?"

"తెల్లదే. అందరూ ఒక ఇంట్లో ఉన్నంత మాత్రాన ఒక కడుపున పుట్టినట్టు కాదు," అంది వేవా పైనుంచి. అని అక్కడే ఆగిపోయింది.

చేతిలో ఉన్న కొమ్మ ఆకును వేళ్ల మధ్య రుద్దింది. మెత్తటి నూగు. ఎర్ర పీలిక కట్టిన కొమ్మను దగ్గరికి లాగి దాని ఆకు రుద్దింది. నున్నగా ఉంది. నూగు లేదు. ముల్లు కోసం తడిమింది. ముల్లు కూడా లేదు.

"లాసరో," అని కేకేసింది. "ఈ టైర్లు తియ్యి."

"ఎందుకు? మూడొందలున్నాయి."

"మూడొందలూ తియ్యి."

లాసరో, పనివాడు ఒకడూ కలిసి తీశారు. గంట పట్టింది. మనిషెత్తు పేర్చిన టైర్ల వెనక, గోడకూ కంచెకూ మధ్య మూలలో ఇంకో మొదలు కనబడింది. తొడంత లావు. నిటారుగా, నున్నగా, వెలుతురు కోసం ముసలి చెట్టు కొమ్మల్లోంచే పైకి పోయింది. పైన రెండూ పెనవేసుకుని ఒకే గొడుగులా పరుచుకున్నాయి. కింద టైర్లు ఉన్నన్నాళ్లు అది ఒకే చెట్టు.

"కార్లు ఆపే చోట నాటే రకం," అంది వేవా. నిచ్చెన మీంచే మాట్లాడింది. "పరదేశపు జాతి. నీళ్లు తాగుతుంది, తొందరగా పెరుగుతుంది, గాలివానకు ముందు పడేది ఇదే. కాయ చేదు."

"ఇక్కడ ఎవరు నాటారు?" అన్నాడు లాసరో.

"ఏ టైరు బురదలోనో వచ్చుంటుంది గింజ. నువ్వు ఊడదీశావు, అది ఊడిపడింది."

లాసరో టోపీ వెనక్కి తోసుకుని చాలాసేపు చూశాడు. "పదిహేనేళ్లు ఉంటుంది వయసు. అద్దె కూడా అడగలేదు నేను."

అంపారో నిచ్చెన వదల్లేదు. పైకి చూడకుండా అంది, "అయితే మీ మాటే నిజం. నేను తెచ్చినవి చేదే."

"చేదే," అంది వేవా.

ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. అంపారో ముఖానికి ఎదురుగా వచ్చాక ఆగింది.

"కాయ చేదని చెప్పడం నా పని. అది చెప్పాను. ఎక్కడ కోశావని అడగలేదు. అడిగుంటే ఆ రోజే తేలేది. అడగడం మానేసి జనాన్ని నవ్వించాను. అది నా పని కాదు."

అంపారో మిగిలిన పీలికలు లెక్క లేకుండా గుడ్డలోకి కుక్కుకుంది.

"దిగండి దోన్యా వేవా. ఎండెక్కుతోంది," అంది.

లాసరో కొలటేపు తెచ్చాడు. చేదు చెట్టును కొట్టేస్తే పెరటి మీద ఎంత ఎత్తు ఖాళీ వస్తుందో మూడుసార్లు కొలిచాడు. పదమూడు అడుగులు. నాలుగోసారి కొలవబోతుంటే వేవా టేపు మీద కాలేసింది.

"చాలు. అది తగ్గదు."

"మరి బంక, నీనా? కార్ల మీద నల్లగా కారుతుంది."

"నీ కస్టమర్లు కార్లమ్ముకుని పోవట్లేదు కదా. పట్టా కప్పు."

సోమవారం రంపం మిషను వచ్చింది. కోసేవాళ్లు నారింజ గీత ఉన్న చెట్టు దగ్గరికి పోతే, అక్కడ వేవా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. వేలెత్తి మూలకు చూపించింది. ఎర్ర పీలికలున్న కొమ్మలన్నీ ఒకటొకటిగా కింద పడ్డాయి. తెల్లవి ఊగి, నిలిచాయి. ఆ మధ్యాహ్నమే అంపారో బకెట్టు పట్టుకుని సందులోకి వెళ్లడం చూశామని ఎదురింటివాళ్లు చెప్పారు. వేవా అది విని తను ఏరాల్సిన కాయల్లో సగమే ఏరి, మిగతా సగం చెట్టుకే వదిలింది.

ఆ తర్వాత వానలు వచ్చాయి. ఆగస్టులో ఒక గాలివాన మా పేటలో నాలుగు చెట్లను పడగొట్టింది. నాలుగూ నున్నటి ఆకు చెట్లే. లాసరో పెరట్లో లిఫ్టు మీద ఒక పాత ట్రక్కు ఎత్తి ఉంది. దాని మీదుగా ముసలి చెట్టు కొమ్మ ఒకటి వంగి లేచింది. విరగలేదు.

నవంబరు వచ్చింది. బేతో మర నిలబెట్టాడు. పైన మేకు ఖాళీగా ఉంది. పెనాలు కాలాయి. వరస చర్చి గేటు దాకా సాగింది. వేవా బకెట్టు ఎప్పటిలాగే మర పక్కన, అందరికంటే ముందు ఉంది. ఆమె దాన్ని ఎత్తలేదు.

"మొదలెడదామా నీనా?" అన్నాడు బేతో.

"ఆగు."

"దేనికి?"

"ఆగమన్నాను కదా."

అకార్డియన్ ముసలాయన రెండు పాటలు ముగించి మూడోది ఎత్తుకున్నాడు. పెనం దగ్గరివాళ్లు మంట తగ్గించారు. వరసలో ఎవరో అన్నారు, "నీనా పళ్లు ఇంట్లో మర్చిపోయినట్టుంది." వేవా వినిపించుకుంది, అటు చూసి, "నీ బకెట్టు వంతు వస్తుందిగా, అప్పుడు చూపిస్తా పళ్లు," అంది. మళ్లీ గేటు వైపు తిరిగింది. కబురు పంపలేదు. పంపనని బేతోకు ముందురోజే చెప్పింది. పిలిస్తే వచ్చేది మర్యాద కోసం వస్తుంది, నాకు మర్యాద చాలా అయింది, అంది.

మూడో పాట మధ్యలో అంపారో వచ్చింది. ఒక చేతిలో ఒక్కటే బకెట్టు. ఇంకో భుజానికి పూలచక్రం. ఎవరినీ చూడకుండా వెళ్లి వరస చివర నిలబడింది.

వేవా మర దగ్గర్నుంచి కదిలింది. వరస పొడుగునా నడిచి చివరికి వెళ్లింది. అందరూ తిరిగి చూశారు. పాట ఆగింది.

"ఎక్కడ కోశావమ్మా?" అంది, అందరికీ వినిపించేలా.

"సందు వైపు."

"ఎప్పుడు?"

"జూన్‌లో, సాన్ హువాన్ పండక్కి ముందు. వాన చుక్క పడకముందు."

అప్పుడు వేవా బకెట్టులో చెయ్యి పెట్టింది. పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి. ఒక్కోదాన్నీ చివరిదాకా నమిలింది. ఏదీ తేలిగ్గా వదల్లేదు. అంపారో ఆమె దవడనే చూస్తోంది. మేమంతా చూస్తున్నాం. జాలిపడి తల ఊపే మనిషి కాదని మాకు తెలుసు. అంపారోకు ఇంకా బాగా తెలుసు.

వేవా పిప్పి అరచేతిలోకి ఉమ్మింది.

"తీపి," అంది. ఒక క్షణం ఆగి, "ఇంకో రెండు రోజులు చెట్టునే ఉంచుంటే ఇంకా తీపి."

"అదీ," అంది అంపారో, పక్కనున్నామె వైపు తిరిగి. "ఏదో ఒకటి అనందే మింగుడుపడదు మా నీనాకి."

జనం నవ్వారు. ఈసారి అంపారో కూడా నవ్వింది. వేవా నవ్వలేదు. బకెట్టు పిడి ఒక పక్క తను పట్టుకుంది. రెండో పక్క అంపారో పట్టుకుంది. ఇద్దరూ దాన్ని వరస దాటించి మర దగ్గరికి మోసుకొచ్చారు. వేవా తన బకెట్టును కాలితో వెనక్కి జరిపి, దీన్ని ముందు పెట్టింది.

"ఇప్పుడు ఆడించు," అంది బేతోతో.

మర గర్జించింది. అంపారో కుర్చీ ఎక్కి పూలచక్రాన్ని మేకుకు తగిలించింది. మైనం ఎండలో మెరిసింది. పూలలో తెల్లవీ ఎర్రవీ ఉన్నాయి. కొన్ని రేకుల మీద కొమ్మకు కట్టి విప్పిన ముడి గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి, రంగు కాస్త వెలిసి.

ఆ రోజు వరస నెమ్మదిగా నడిచింది. ప్రతి బకెట్టు దగ్గరా వేవా ముందు అడిగింది. ఎక్కడ కోశావు, ఏ వైపు, ఎప్పుడు. తర్వాతే నమిలింది. ఇలాగైతే చీకటి పడుతుందని బేతో సణిగాడు. పడనీ, లైట్లున్నాయి, అంది.

మేకలకు పోయిన బకెట్టు ఆ ఏడు ఒక్కటే. అది లాసరోది. వాడు గర్వంగా తెచ్చి పెట్టాడు. వేవా ఒక్క కాయే నమిలి వాడి ముఖంలోకి చూసింది.

"ఎక్కడిదిరా?"

"కొట్టేసిన చెట్టుది. ఊరికే పారెయ్యడం ఎందుకని ఏరి ఉంచాను నీనా. ఎండబెడితే మారుతుందేమోనని."

వేవా బకెట్టును ఎడమకు నెట్టింది. వాడి చేతిలో వేడి అట్టు ఒకటి పెట్టింది.